వయొలిన్‌కు ఎన్ని మార్కులు?

తిరుపతికి మరో ముప్పు రాబోతోంది. ఇంజనీరింగు, బోటనీ, పశువైద్యం చదివే పిల్లల్ని పోగేసి పాశ్చాత్య సంగీతం వాయించే ఆర్కెస్ట్రా పెడతారట. సంగీతం చదివేవాళ్లు తప్ప మిగతా అందరూ వాయించొచ్చట. సంగీతానికి దేవస్థానం వారి కాలేజీ 1959 నుంచి ఊళ్లో ఉండనే ఉంది కదా! పశువైద్యం చదివే పిల్లకు చెల్లో అనే ఆ పెద్ద వయొలిన్ ఎందుకు, గేదెకు వినిపించడానికా?

ఈ జబ్బు పాతదే. హార్వర్డ్ విద్యార్థులు 1808లోనే ఇలాంటి సంఘం పెట్టుకున్నారు. రెండొందల ఏళ్లు దాటినా అక్కడ నయం కాలేదు.

అసలు ఆ పద్ధతే మనకు పడదు. మన కచేరీలో పాడేవారి గొంతును బట్టి శ్రుతి. అక్కడ ఓబో అనే సన్నాయిలాంటి వాయిద్యం పలికించే, సెకనుకు 440 కంపనాల స్వరానికి అందరూ తమ వాయిద్యాలు సర్దుకోవాలి. డెబ్బై మంది ఒక్క మాట మీదికి రావడమా? డిపార్ట్‌మెంటు మీటింగు చూసినవాళ్లెవరూ నమ్మరు.

బేతోవెన్ ఐదో సింఫనీ తీసుకోండి. మొదటి మూడు భాగాల్లో ట్రాంబోన్లనే ఇత్తడి బూరల వాళ్లకు పనే లేదు, నాలుగో దాంట్లోగానీ నోరు విప్పరు. ఫీజు కట్టిన తండ్రి ముందు వరసలో ఉంటే ఊరుకుంటాడా? "ఏమబ్బా, అందరూ వాయిస్తా ఉంటే మావోడొక్కడే ఊరికే కూసోనుండాడే, వానికి రాదా ఏంది?" అని లేవడూ! (గవర్నమెంటు కొలువుకు ముందస్తు శిక్షణ అని చెబితే మాత్రం శాంతిస్తాడు.)

నన్ను నిజంగా భయపెట్టేది వేరే ఉంది. దీనికి మార్కుల్లేవు, హాజరు పట్టీ లేదు, ప్లేస్‌మెంటు ఇంటర్వ్యూలో అడిగే నాథుడూ లేడు. అయినా సాయంత్రమయ్యేసరికి ల్యాబు రికార్డు మూసేసి వస్తారట! తప్పు వాయిస్తే పక్కవాడితో కలిసి నవ్వుకుని మళ్లీ మొదలెడతారట! తప్పుకు మార్కులు కొయ్యకపోతే పిల్లలేమైపోవాలి?

నిషేధించమని నేననను. నిషేధిస్తే హాస్టల్ మిద్దె మీద వాయిస్తారు. సబ్జెక్టు చేసెయ్యండి, చాలు. రెండు క్రెడిట్లు, 75 శాతం హాజరు, రెండు ఇంటర్నల్స్. 'వయొలాను నిర్వచించి, దాని ఉపయోగాలు వివరింపుము' అని 10 మార్కుల ప్రశ్న. బాలాజీ కాలనీ జెరాక్సు అంగళ్లలో నోట్సు వాళ్లే చూసుకుంటారు. పరీక్ష ముందురోజు రాత్రి దాకా వయొలిన్ పెట్టె ఎవడూ తెరవడు. ప్రాక్టికల్స్‌కు బయటినుంచి ఎగ్జామినర్ వస్తారు. ఆయనకు కొండ మీద దర్శనం కుదిరిస్తే, శ్రుతి సంగతి ఆయనే సర్దుకుంటారు.