చుక్క పడకముందే గీకి చూడాలి
కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) మీది పుండుకు వెంటనే మోక్సిఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ చుక్కలు వేయమని ఒక వ్యాసంలో రాశారు. అంచున ఉన్న చిన్న పుండుకైతే సరే. నడిమధ్యన, 2 మి.మీ. దాటితే చుక్క పడకముందే పుండు అడుగు, అంచులు గీకి గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియా కనిపించే రంగు), 10 శాతం కేఓహెచ్ (ఫంగస్ కనిపించేలా చేసే ద్రావణం) స్లైడ్ చూడాలి, కల్చర్ (ల్యాబ్‌లో క్రిమిని పెంచే పరీక్ష) పెట్టాలి. పొలంలో ఆకు, గడ్డి తగిలిన కంట్లో ఫంగస్ ఉండొచ్చు. దానిమీద యాంటీబయాటిక్ పనిచేయదు, స్టిరాయిడ్ పడిందా ఇంకా ముదురుతుంది.

కల్చర్‌లో దొరికిన బ్యాక్టీరియా వాడుతున్న మందుకు ‘రెసిస్టెంట్’ (లొంగదు) అని ల్యాబ్ అన్నంత మాత్రాన కంగారు వద్దు. లొంగుతుందో లేదో తేల్చే ల్యాబ్ హద్దు రక్తంలో చేరే మందును బట్టి పెట్టింది. గంటగంటకూ వేసే చుక్కతో కార్నియాలో అంతకు ఎన్నో రెట్లు చేరుతుంది. పుండు తగ్గుతుంటే అదే కొనసాగించవచ్చు. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లకు వచ్చే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాతో మాత్రం ఆ తీరిక ఉండదు, రెండు రోజుల్లో కార్నియా కరిగిపోవచ్చు. 5 శాతం సెఫాజోలిన్ అనే యాంటీబయాటిక్ చుక్క ఒక్కటే దానికి చాలదు, తోడుగా టోబ్రామైసిన్ అనే మరో యాంటీబయాటిక్ ఉండాల్సిందే.