సవరణ: రాత్రిపూట నారింజ పొగ పనికిరాదు

వేటకెళ్లే బోట్ల గురించి మొన్న పెట్టిన పోస్టులో "ఆపద వస్తే పగలైనా రాత్రైనా నారింజ రంగు పొగ వదలండి, చెయ్యి ఊపండి" అని రాశాను. రెండూ తప్పే, సరిచూసుకోకుండా రాసింది నేనే. అంతర్జాతీయ సముద్ర ప్రయాణ నియమాల్లోని (1972) ఆపద సంకేతాల పట్టిక, ఓడల రక్షణ పరికరాల ప్రమాణాలు చూసి ఇప్పుడు సరిచేస్తున్నాను.

పొగ పగటికే. చీకట్లో అది ఎవరి కంటా పడదు. రాత్రికి ఎర్రగా మండే చేతి ఫ్లేరు (చేత్తో పట్టుకుని వెలిగించే సంకేత గొట్టం) గానీ, ఎర్ర పారాచూట్ రాకెట్ గానీ కావాలి. రాకెట్ 300 మీటర్ల ఎత్తుకు వెళ్లి 40 సెకన్లు వెలుగుతుంది. చేతి ఫ్లేరు మండేది ఒక్క నిమిషం. అందుకే ఓడ దీపం కనిపించినప్పుడో, హెలికాప్టర్ చప్పుడు వినిపించినప్పుడో మాత్రమే వెలిగించండి. గాలి పోయే వైపు నిలబడి, చెయ్యి బోటు బయటికి చాచి పట్టుకోవాలి. కరిగి కారే నిప్పు నీళ్లలో పడాలి, వలల మీదో డీజిల్ డబ్బాల మీదో పడితే ఇంకో ప్రమాదం.

ఒక చెయ్యి ఊపితే పలకరింపు అనుకుని పక్క బోటు సాగిపోతుంది. రెండు చేతులూ పక్కలకు చాచి, నెమ్మదిగా పైకీ కిందికీ మళ్లీ మళ్లీ ఆడించాలి.

తెల్ల ఫ్లేరు సాయం అడిగే సంకేతం కాదు, మీదికొస్తున్న ఓడను హెచ్చరించడానికి.

బోటులోని వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్ పెట్టి, "మేడే" (ఆపదలో ఉన్నామని చెప్పే మాట) అని మూడుసార్లు చెప్పాలన్నది మాత్రం పాత పోస్టులో సరిగానే ఉంది. ఫోన్ సిగ్నల్ అందితే కోస్ట్‌గార్డ్ నంబరు 1554.