గంజాయి కిలోల లెక్క సరే, కుర్రాళ్ల లెక్కేది?

గంజాయి పట్టుకున్న వార్తలో ఫొటో ఎప్పుడూ ఒకటే. ముందు బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లు, వెనక ముసుగులేసుకున్న నిందితులు, పక్కన అధికారులు. కింద కిలోలు, విలువ. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలకు నిప్పు పెట్టినప్పుడూ ఇదే లెక్క విన్నాం. ఆ ఏడాది ఇంటర్ పిల్లల్లో గంజాయి తాగేవాళ్లు పెరిగారా, తగ్గారా అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

సరుకు ఆపితే వాడకం ఆగుతుందన్న నమ్మకం మీదే మన బండి నడుస్తోంది. ఆ నమ్మకం ఎంత డొల్లో అమెరికా లెక్కలు చూస్తే తెలుస్తుంది. మిచిగన్ విశ్వవిద్యాలయం 1975 నుంచి ఏటా పన్నెండో తరగతి పిల్లల్ని అడిగి రాసుకుంటోంది. గడిచిన ఏడాదిలో గంజాయి తాగామన్నవాళ్లు 1979లో దాదాపు 51 శాతం. 1992కి 22. అయిదేళ్లు తిరిగేసరికి మళ్లీ 38 దాటింది. 2024లో 26కి దిగింది.

అదే పిల్లల్ని అడిగిన ఇంకో ప్రశ్న ఉంది: కావాలంటే సులభంగా దొరుకుతుందా? దాదాపు నలభై ఏళ్లపాటు పదిమందిలో ఎనిమిదిమందికి పైగా దొరుకుతుందనే అన్నారు. వాడకం సగానికి పైగా పడిపోయిన 1992లోనూ అదే జవాబు! సరుకు ఉన్నచోటే ఉంది, కుర్రాళ్లే మారారు.

ఎందుకు మారారంటే, ఆ సర్వే నడిపిన జాన్‌స్టన్, బాక్‌మన్, ఓమాలీలు చూపిన కారణం పిల్లల మనసులోని లెక్క. తరచూ గంజాయి తాగితే పెద్ద ప్రమాదం అన్నవాళ్లు 1978లో 35 శాతం, 1991లో 79. ఈ భయం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1978లో పదిమందిలో ఒకడు రోజూ తాగేవాడు. అంటే ప్రతి క్లాసులోనూ కళ్లముందే మత్తులో జోగుతూ, చదువు అటకెక్కించిన వాడొకడు ఉన్నట్టే. వాణ్ని చూసి మిగతావాళ్లు నేర్చుకున్నారు. తొంభైల్లో వచ్చిన పిల్లలకు చూడ్డానికి అలాంటివాళ్లు తగ్గిపోయారు. పాత పాఠం మరుగున పడింది, వాడకం మళ్లీ లేచింది.

అసలు మజా ఆ తర్వాతే. 2014లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో చట్టబద్ధంగా గంజాయి షాపులు తెరిచారు. ఆ దేశమంతటా పిల్లల్లో భయం 1978 నాటికంటే కిందికి జారింది. పాత సూత్రం ప్రకారం వాడకం భగ్గుమనాలి. అనలేదు! కొలరాడో హైస్కూలు పిల్లల్లో గడిచిన నెలలో తాగామన్నవాళ్లు 2019లో 21 శాతం ఉంటే, 2021కి 13కి పడ్డారు. కరోనాకు మూతపడ్డ బడులు తెరిచాక 2023లోనూ అక్కడే ఆగారు. నాకు కనిపించే కారణం ఒకటే: సాయంత్రాలు మారాయి. గంజాయి సాధారణంగా ఒంటరిగా మొదలయ్యేది కాదు. ఒకడు చుడతాడు, ఇంకొకడు అందిస్తాడు, మూడోవాడు మొహమాటానికి ఓ దమ్ము లాగుతాడు. కరోనాకు చాలా ముందునుంచే అక్కడి పిల్లలు స్నేహితులతో బయట తిరగడం తగ్గిస్తూ వచ్చారు. గదిలో ఫోనుతో ముడుచుకున్నవాడికి ఆ మూడోవాడయ్యే సందర్భమే రాదు. (దీన్ని విజయం అనాలంటే నాకు నోరు రావడం లేదు, అది వేరే సంగతి.)

పోలీసుల పని వృథానా అంటారు. కాదు. మన్యంలో తోటలు నరకడం వల్ల గిరిజనుల్ని వాడుకునే ముఠాలకు దెబ్బ తగిలింది. పైగా అమెరికాలో ఇప్పటి సరుకులో మత్తు పాళ్లు ముప్పై ఏళ్ల కిందటికంటే దాదాపు నాలుగు రెట్లు; తాగేవాళ్లు తగ్గినా, తాగేవాడికి హాని పెరిగింది. ఒప్పుకుంటాను. కానీ అది సరుకు సంగతి, కుర్రాడి సంగతి కాదు.

కుర్రాడి సంగతి పట్టించుకున్నది ఐస్‌లాండ్. 1998లో అక్కడ పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో 17 శాతం గంజాయి రుచి చూసినవాళ్లే. 2016కి 7 శాతం. ఏటా బడుల్లో సర్వే చేశారు, ఆటలకీ సంగీతానికీ డబ్బిచ్చారు, తల్లిదండ్రుల్ని ఒకచోట కూర్చోబెట్టారు. పిల్లల సాయంత్రాన్ని ఖాళీగా వదల్లేదు, అలాగని గదిలో పెట్టి తాళమూ వేయలేదు.

మన దగ్గర? ఇంటర్ హాస్టల్‌లో తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పదికీ స్టడీ అవర్. గ్రౌండ్ అనేది బ్రోచర్‌లోనే ఉంటుంది. రెండేళ్లు ఊపిరాడకుండా ఉంచి, ఇంజినీరింగ్‌కి వచ్చిన మొదటి నెలలోనే ఒక గదీ, ఒక బైకూ ఇచ్చి వదిలేస్తాం. ఆ కుర్రాడికి దొరికే మొదటి సాయంత్రం ఎవరి చేతిలో ఉంటుందన్నది ఏ నార్కోటిక్స్ విభాగం ఆపరేషన్‌కీ అందదు.

ఒక జూన్ 26న, అంటే మాదకద్రవ్యాల వ్యతిరేక దినాన, ఓ కాలేజీలో అవగాహన సదస్సుకి వెళ్లాను. ముఖ్య అతిథి మైకులో, ఒక్కసారి గంజాయి తాగితే జీవితం అక్కడితో ఆఖరు అన్నారు. చివరి వరుసలో ఒకడు పక్కవాణ్ని మోచేత్తో పొడిచాడు, ఇద్దరూ తల దించుకుని నవ్వుకున్నారు. వాళ్లకు తెలిసిందేమిటో కనుక్కోవడానికి ఒక కాగితమూ, పేరు రాయక్కర్లేని నాలుగు ప్రశ్నలూ చాలు. అందర్నీ లేపి ప్రతిజ్ఞ చేయించారు, గేటు దగ్గర తలా ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చారు.