ఆక్సీమీటర్ 98 చూపిస్తే శ్వాస లెక్కించనక్కర్లేదా?

‘వైటల్స్ త్వరగా ముగించే అయిదు చిట్కాలు’ అనే సందేశం (వైటల్స్ అంటే నాడి, బీపీ, శ్వాస, జ్వరం, ఆక్సిజన్ వంటి కొలతలు) హైదరాబాద్ నర్సుల వాట్సాప్ గ్రూపులలో ఆగకుండా తిరుగుతోంది. కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలు దాన్ని పాఠంలా నమ్మి నాకే పంపుతున్నారు కనుక, ఇక ఊరుకోవడం సరికాదని రాస్తున్నాను.

‘ఆక్సీమీటర్ 95కు పైన చూపిస్తే శ్వాస లెక్కించకుండా 18 అని రాసేయండి’ అన్నది మొదటి చిట్కా. మిగిలిన నాలుగూ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. హిమోగ్లోబిన్‌ ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండి ఉందో ఆక్సీమీటర్ చెబుతుందే గాని, ఆ శాతాన్ని నిలబెట్టుకోవడానికి రోగి ఎంత ఆయాసపడుతున్నాడో చెప్పదు. రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే కీటోఅసిడోసిస్‌తో వచ్చిన షుగర్ రోగి లోతుగా, వేగంగా ఊపిరి తీస్తున్నప్పుడు కూడా తెరపై 98 కనిపించవచ్చు. ఆపరేషన్ తరువాత నొప్పి తగ్గించే మార్ఫిన్ ఇచ్చి ఆక్సిజన్ మాస్క్ పెట్టిన రోగి నిమిషానికి ఎనిమిదిసార్లే ఊపిరి తీస్తున్నా, మాస్క్ నుంచి అందే ఆక్సిజన్ వల్ల ఆ అంకె చాలాసేపు పడిపోకపోవచ్చు. ఈలోగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి, రోగి మగతలోంచి స్పృహ లేని స్థితిలోకి జారిపోతాడు.

బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో రూపొందించి 2017లో సవరించిన న్యూస్ స్కోరుతో (కొలత మామూలుకు ఎంత దూరంగా ఉంటే అంత ఎక్కువ మార్కులు వేసి, రోగి పరిస్థితి దిగజారడాన్ని ముందే పసిగట్టే పద్ధతి ఇది) లెక్క వేసి చూడండి. జ్వరం 103, నాడి 115, శ్వాస 28, తక్కినవన్నీ మామూలుగా ఉన్న రోగికి జ్వరానికి 2, నాడికి 2, శ్వాసకు 3 కలిపి 7 వస్తుంది, అంటే అత్యవసరంగా డాక్టర్ రావాలి. చూడకుండా 18 అని రాస్తే అదే రోగికి వచ్చేది 4, అంటే తక్కువ ప్రమాదం. చార్టులో రాయవలసిన అంకె ముందే సిద్ధంగా ఉంటే ఇక మంచం దాకా వెళ్లడం దేనికి?

బీపీ 120/80 లేని ప్రతి రోగికీ డాక్టర్‌ను పిలవాలన్న మాట మీద కాలం వృథా చేయను. ఆ రోగికి మామూలుగా ఉండే బీపీ ఎంతో కేస్‌షీటులో చూస్తే చాలు. మెహందీ పెట్టిన వేలికి ఆక్సీమీటర్ ప్రోబ్ వద్దన్నది, ముఖ్యంగా నల్ల మెహందీ విషయంలో, పాటించదగిన జాగ్రత్తే.

‘ముసలివాళ్ల తికమక వయసు వల్లనే, పట్టించుకోవద్దు’ అన్నది మాత్రం నన్ను మళ్లీ కలవరపెట్టింది. ‘నిన్నటిదాకా అమ్మ బాగానే మాట్లాడింది సిస్టర్’ అని అటెండెంట్ చెబితే, ముందు గ్లూకోమీటర్ తీయాలి, తరువాత ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తేడా, మూత్రం ఆగిపోవడం ఉన్నాయేమో చూడాలి. కొత్తగా వచ్చిన తికమకకు 2017 నాటి స్కోరులో ఏకంగా 3 ఇచ్చారు.

అయిదో చిట్కా, ‘శ్వాస లెక్కించక తప్పకపోతే రోగికి చెప్పకుండా లెక్కించండి’ అన్నది, నూటికి నూరుపాళ్లు నిజమని ఒప్పుకుంటున్నాను. తెలిస్తే రోగి ఊపిరి తీరు మారిపోతుంది కనుక, నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, చూపు ఛాతీ మీద నిలిపి, నిండు నిమిషం లెక్కపెట్టాలి. ఇకపై ఈ సందేశం పంపే సిస్టర్లు ఆ వాక్యాన్ని ఉంచి, మొదటిదాన్ని, తికమక గురించిన దాన్ని తీసివేసి పంపవలసిందిగా కోరుతున్నాను.