హౌసింగ్ ఆయిల్: ఇంటి ముందు మార్చుకోవాలా, ఆటోనగర్‌కు పోవాలా?

ఇద్దరికీ పికప్ బండ్లే. బావ ములుగు వైపు ఊళ్ల నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి తోలుతాడు. బామ్మర్ది హన్మకొండలో ఇటుక, సిమెంటు తోలుతాడు. వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉండే హౌసింగ్‌లోని గేర్ ఆయిల్‌ను ఈసారి ఇంటి ముందే మార్చుకుంటానని బావ అనడంతో మాట పెరిగింది. బండి మీద బతికే ప్రతి ఒక్కరికీ పనికొచ్చే వాదన ఇది.

బామ్మర్ది: ఇంజిన్ ఆయిల్ అంటే సరే బావా, హౌసింగ్ జోలికి ఎందుకు? అందులో ఏదీ మండదు, మసి పట్టదు. ఏళ్లకేళ్లు అట్లనే ఉంటుంది.

బావ: మండదు, నిజమే. కానీ ఇంజిన్‌కు ఫిల్టర్ ఉంది. హౌసింగ్‌కు ఉందా? లోపలి పెద్ద పళ్ల చక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్న చక్రం పినియన్. వాటి పళ్లు రాసుకుని రాలిన ఇనుప పొడి బయటికి పోయే దారే లేదు. అదే ఆయిల్‌లో తిరిగి తిరిగి బేరింగుల్లో పడుతుంది. బస్తాల మీద బస్తాలు వేసి తోలే బండికి ఆ అరుగుదల ఇంకా ఎక్కువ.

బామ్మర్ది: సరే, మార్చాల్సిందే. అది ఆటోనగర్ మెకానిక్ పని కదా! నువ్వు కింద పడుకున్నప్పుడు జాకీ జారితే అక్కకు నేనేం జవాబు చెప్పాలి?

బావ: జాకీ ఎవరు పెడతారు? ఖాళీ పికప్ వెనక భాగం ఎత్తుగానే ఉంటుంది, పడుకుని దూరొచ్చు. పైగా వెనక ఒక్కటే లేపితే బండి ముందుకు వాలి ఆయిల్ లెవెల్ తప్పు చూపిస్తుంది. నాలుగు టైర్లూ చదును నేల మీద ఉండాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్‌లో పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం పెడతా.

బామ్మర్ది: కింది బోల్టు విప్పి ఆయిలంతా దించేశాక, కొత్తది పోసే పై బోల్టు రాకపోతే? బండి వాకిట్లోనే పడి ఉంటుంది.

బావ: అందుకే ముందు పైనున్న లెవెల్ బోల్టు విప్పాలి. అది కదిలితేనే కిందనున్న డ్రైన్ బోల్టు మీద చెయ్యి వెయ్యాలి. తుప్పు పట్టి రాకుంటే ఆయిల్ ఇంకా లోపలే ఉంటుంది కాబట్టి, బండి నడుపుకుంటూ నీ ఆటోనగర్‌కే పోతా.

ఇక్కడ నేను పూర్తిగా బావ పక్షం. ఈ వరుస పాటించడానికి పైసా ఖర్చు లేదు. కొన్ని బండ్లకు డ్రైన్ బోల్టే ఉండదు, వెనక మూత విప్పాల్సి వస్తుంది. అలాంటివి మాత్రం చెయ్యి తిరిగినవాళ్లకు వదిలేయడమే మేలు.

బామ్మర్ది: ఏ ఆయిల్ పోస్తావు? దుకాణంలో 90 నంబర్ అంటే ఏదో ఒక డబ్బా చేతిలో పెడతారు.

బావ: డబ్బా మీద చదివే కొంటా. పినియన్ క్రౌన్ నడిమధ్యకు కాకుండా కొంచెం కిందికి కూర్చుంటుంది. అందుకే పళ్లు దొర్లడమే కాదు, ఒకదాని మీద ఒకటి గట్టిగా జారుతాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర తెగిపోతుంది. గంధకం, భాస్వరం కలిసిన జీఎల్-5 రకమే నిలబడుతుంది. ఆ ఘాటు వాసన గంధకానిదే. నా బండి పుస్తకంలో చిక్కదనం 80డబ్ల్యూ-90, రకం జీఎల్-5 అని ఉంది. అదే డబ్బా గేర్‌బాక్స్‌లో మాత్రం పోయను. అక్కడి ఇత్తడి రింగులకు ప్రతి జీఎల్-5 పడదు.

బామ్మర్ది: చదివి నేర్చుకున్నావు, మంచిదే. మెకానిక్ అనుభవం ఎక్కడి నుంచి తెస్తావు?

బావ: నా పట్టుదలంతా అక్కడే ఉంది. పాత ఆయిల్ ఎట్లా ఉందో గ్యారేజీలో ఎవరు చూపిస్తారు? నిరుడు ఒకచోట మార్చామని బిల్లు రాశారు. అనుమానం వచ్చి లెవెల్ బోల్టు విప్పితే అదే నల్లటి పాత ఆయిల్! ఇంట్లో అయితే బండి కాస్త తిప్పి తెచ్చి, వేడి మీద ట్రేలోకి దించుతా. డ్రైన్ బోల్టు అయస్కాంతం మీద వేలితో రుద్ది చూస్తా. కాటుకలా మెత్తగా అంటితే భయం లేదు. గోటికి పెచ్చు తగిలితే పళ్లో, బేరింగో పోతున్నట్టు. ఆయిల్ తెల్లగా నురగ కట్టి ఉంటే నీళ్లు చేరినట్టు.

బామ్మర్ది: హౌసింగ్‌లోకి నీళ్లెట్లా పోతాయి?

బావ: కటాక్షాపూర్ చెరువు మత్తడి రోడ్డు మీద పారేటప్పుడు బండి దాటించలేదా? వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది. అప్పుడు గాలి వచ్చిపోయే బ్రీదర్ నుంచో, ఆయిల్ కారకుండా ఆపే సీల్ నుంచో నీళ్లు గుంజుకుంటుంది. ఆ బ్రీదర్‌కు మట్టి పడితే ఇంకో బాధ. వేడికి లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీల్ దగ్గర కారుతుంది. కిందికి ఎలాగూ దూరుతాను కాబట్టి దాన్నీ శుభ్రం చేస్తా.

బామ్మర్ది: పెచ్చే కనిపించిందనుకో?

బావ: అప్పుడు నీ మాటే నెగ్గుతుంది. క్రౌన్, పినియన్ సందు కొలిచి సరిచేయడం గేజీలున్న మెకానిక్ పని. హౌసింగ్ మోత వచ్చినా అంతే. కొత్త ఆయిల్‌తో మోతను కప్పిపుచ్చను. నా పని చేతి పంపుతో నింపి, లెవెల్ బోల్టు రంధ్రం నుంచి కారడం మొదలవ్వగానే ఆపి, కొత్త వాషర్‌తో బిగించడం వరకే.

బామ్మర్ది: మరి పాత ఆయిల్? మోరీలో పోస్తావా?

బావ: చస్తే పోయను. చెదలు పట్టకుండా వాసాలకు పూస్తానని నాయన అడిగినా ఇవ్వలేదు. చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థం కిందే లెక్కిస్తుంది. క్యాన్‌లో పోసి, వాడిన ఆయిల్ తీసుకునేవాళ్లకు ఇస్తా.

బామ్మర్ది: అయితే ఆదివారం నేనూ వస్తా. బోల్టు నువ్వే విప్పు, కానీ నాకు చూపించకుండా తుడవొద్దు. పెచ్చు కనబడిందా, తాళం నా చేతిలో పెట్టాలి.

బావ: పెడతా. పెద్ద ట్రే నీ దగ్గరుంది కదా, మర్చిపోకుండా పట్టుకురా.