క్రోటన్ ఆకు నమిలిన పిల్లలకు ఉప్పునీళ్లు పట్టకండి

"ఇంట్లో క్రోటన్స్ ఉన్నాయా? వెంటనే పీకేయండి" అంటూ మొదలయ్యే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. బంధువుల గ్రూపులో చూసి ఊరుకుంటే అపార్ట్‌మెంట్ గ్రూపులోకీ వచ్చింది. పంపేవాళ్లు చివరిదాకా చదువుతున్నారా? పైన పీకేయమని, కింద బెడ్‌రూమ్‌లో పెట్టుకుంటే రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుందని ఒకే మెసేజ్‌లో ఉంది!

పాములొస్తాయట. పాము వచ్చేది ఎలుక కోసం, కప్ప కోసం. కుండీల చుట్టూ చెత్త పేరుకోకుండా చూసుకోండి, చాలు.

ఆక్సిజన్ సంగతి. చీకట్లో క్రోటన్ కూడా మనలాగే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. గాలి కావాలంటే కిటికీ తెరవండి.

రంగు తగ్గితే యూరియా వేయాలట. కడియం నర్సరీలో ఎర్రగా నిగనిగలాడిన మొక్క మన బాల్కనీలో పచ్చబడుతోందంటే వెలుతురు చాలడం లేదని అర్థం. యూరియాలో ఉండేది నత్రజని. దాంతో ఆకు ఇంకా పచ్చబడుతుంది, మోతాదు మించితే కుండీలో వేర్లు మాడిపోతాయి. ఉదయపు ఎండ బాగా తగిలే చోటికి మెల్లగా అలవాటు చేయండి. లేత ఆకు పచ్చగా వచ్చిందని కంగారుపడొద్దు. పెట్రా రకంలో ఈనెలు ముందు పసుపుగా ఉండి, ఆకు ముదిరేకొద్దీ నారింజకు, ఎరుపుకు తిరుగుతాయి.

ఇక విషం. పిల్లలు ఆకు నమిలితే నిమిషాల్లో చనిపోతారని, వెంటనే ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని రాశారు. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. భయంకరమైన భేదులు పట్టించేది నేపాళం గింజల నూనె. ఆ మొక్క శాస్త్రీయ నామం క్రోటన్ టిగ్లియం, పేరు మాత్రమే కలిసింది. మన కుండీలోది కొడియం, వేరే మొక్క. దీని ఆకు నమిలితే నోరు, గొంతు మండొచ్చు, వాంతులు, విరేచనాలు కావచ్చు. కానీ ఉప్పునీళ్లు అలా కాదు. పసివాళ్ల రక్తంలో సోడియం ఒక్కసారిగా పెరిగితే ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. బలవంతంగా కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదమూ ఉంది. ఆకు చేయని హాని ఈ వైద్యం చేస్తుంది! ఏ డాక్టర్ చెప్పారు ఇది? ఎవరినైనా అడిగారా?

చేయాల్సింది ఇదీ: నోట్లో ముక్కలు తీసేయండి, తడి గుడ్డతో తుడవండి, కొంచెం నీళ్లు పట్టండి. మంట తగ్గకపోయినా, వాపు వచ్చినా, వాంతులవుతున్నా ఆ మొక్క రెమ్మ పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. ఊపిరి ఆడడం కష్టంగా ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

ఆ మెసేజ్‌లో ఒక మాట మాత్రం నిజం, ఒప్పుకోవాలి. కొమ్మ కత్తిరించేటప్పుడు గ్లౌజులు వేసుకోమన్నారు. కోసిన చోట కారే జిగురు తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి. నర్సరీల్లో ఒట్టి చేతులతో అంట్లు కట్టేవాళ్లకు ఈ మాట ఎవరైనా చెప్పాలి.

మీ గ్రూపులో ఆ మెసేజ్ ఉంటే, ఉప్పునీళ్ల మాట తప్పని దాని కిందే రాయండి.