నల్ల నువ్వుల ఎక్లేర్ గురించి ఒక మాట

జపాన్, ఫ్రాన్స్ రుచులు కలిపే బేకరీల మీద మీరు వేసిన వ్యాసం చదివి ఇది రాస్తున్నాను. అవి ఈ కాలపు ఫ్యాషన్ అని అందులో రాశారు. పాశ్చాత్య రొట్టెను జపాన్ తనదిగా చేసుకోవడం మరీ అంత కొత్తేమీ కాదండి. టోక్యోలోని కిమురాయా దుకాణం 1874లోనే గోధుమ బన్నులో తీపి గింజల ముద్ద పెట్టి ‘అన్‌పాన్’ తయారుచేసింది. పిండి పొంగడానికి, సాకే అనే బియ్యపు మద్యం తయారుచేసేవారు వాడే పులిసిన బియ్యపు ముద్దనే కలిపారు. మన బూరెలో పూర్ణం ఉన్నట్టే అనుకోండి, గింజ వేరు.

మీరు ప్రస్తావించిన జపాన్ మిఠాయి నిపుణుడు సదహరు అఓకి దుకాణానికి పారిస్‌లో ఒకసారి వెళ్లాను. అక్కడి ‘బాంబూ’ కేకు ఫ్రెంచివారి ఒపేరా కేకే, కాకపోతే కాఫీ ఉండవలసిన చోట మాచా తేయాకు పొడి ఉంటుంది. మొదటి ముక్క నాకు కాస్త చేదనిపించింది. మా ఆవిడ అయితే ‘కషాయం’ అని తేల్చేసి పక్కన పెట్టింది. నాకు మాత్రం రెండో ముక్కతో దారి దొరికింది.

అసలు చెప్పవలసింది అక్కడి నల్ల నువ్వుల ఎక్లేర్ గురించి. ఎక్లేర్ అంటే లోపల క్రీము నింపిన పొడవాటి ఫ్రెంచి తీపి వంటకం. దాని గురించి వ్యాసంలో ఒక్క వాక్యమే ఉంది, అన్యాయం! లోపలి క్రీము బూడిద రంగులో, చూడటానికి తడి సిమెంటులా ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే మా అమ్మమ్మ రోట్లో దంచిన చిమ్మిలి. బెల్లం లేదు, అంతే తేడా. దాన్ని తింటూనే మళ్లీ వరుసలో నిలబడ్డాను.